ఫ్లాస్కుకూ ఒక నరం

క్యాన్సర్ ఆసుపత్రిలో నరాలు చూపించే యంత్రానికి ప్రారంభోత్సవం జరిగిన నాటినుంచి ఆ ఊళ్ళో నరం లేని మనిషంటూ ఒక్కరూ మిగల్లేదు. రక్తం ఉన్న మనుషులు మాత్రం రోజురోజుకూ తగ్గిపోతూ వచ్చారు.

ఈ వింత సంగతి దమయంతి గారి చెవిన ఇంకా పడలేదు. బాలికల ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఆవిడ, రొమ్ములో పుట్టిన గడ్డకు ఆపరేషన్ చేయించుకుని, నాలుగో కీమో కోసం ఆ ఉదయం ఆసుపత్రికి వచ్చారు. ఆపరేషన్ ఎడమవైపు జరిగింది గనుక ఆ చేతికి సూది తగలనివ్వకూడదు. మిగిలింది కుడి చేయి. ఆ చేతిలోని నరాలు మూడు కీమోల దెబ్బకు బెదిరి, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని విన్న పిల్లల్లాగా బెంచీల కింద నక్కి కూర్చున్నాయి.

అందుకని ఆవిడ తగిన సన్నాహంతోనే వచ్చారు. ముందురోజు సాయంత్రం నుంచి చెంబులకొద్దీ మంచినీళ్ళు తాగారు. ఎండ మండుతున్నా చేతుల నిండా ఉన్న స్వెట్టరు తొడుక్కున్నారు. పిడికిట్లో పెట్టుకుని నొక్కడానికి పక్కింటి పిల్లవాడి రబ్బరు బంతి అరువు తెచ్చుకున్నారు. ఆడపడుచు సీతారత్నం ఒక చేత్తో వేడినీళ్ళ ఫ్లాస్కు, ఇంకో చేత్తో తుండుగుడ్డ పట్టుకుని వెంట నడిచింది. కిందటిసారి సిస్టర్ ఎస్తేరు ఇలాంటి వేడి గుడ్డే చేతికి చుట్టి, చేయి కాసేపు మంచం పక్కన వేలాడదీయించి, కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో తడిమి, మణికట్టు దగ్గర దాక్కున్న ఒక సన్న నరాన్ని పట్టుకుంది.

"ఈ డోసు వాయిదా పడకూడదు మేడమ్. జబ్బు అదుపులోకి వస్తున్న సమయం. ఇప్పుడు వదిలేస్తే మొదటికొస్తుంది," అని డాక్టరమ్మ మొన్ననే గట్టిగా చెప్పింది. ఆ మాటను దమయంతి గారు సిద్ధాంతంలా మనసులో పెట్టుకున్నారు.

కీమో వార్డులో అడుగుపెట్టగానే ఎస్తేరు ఎదురొచ్చింది. ఎప్పటిలా నవ్వలేదు. సీతారత్నం చేతిలోని తుండుగుడ్డ వైపు చూసి గొంతు తగ్గించింది.

"అమ్మగారూ, ఆ గుడ్డ సంచిలో పెట్టేయండి. ఎవరైనా చూస్తారు."

"చూస్తే? దొంగసొమ్మా అది?" అంది సీతారత్నం.

ఎస్తేరు గోడమీద కొత్తగా వేలాడుతున్న ఫలకం వైపు కళ్ళతో సైగ చేసింది. దమయంతి గారు కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"యంత్రదర్శితమైన నరమే నరము. వ్రేళ్ళతో తడుముట, వేడిగుడ్డ చుట్టుట, చేయి వ్రేలాడదీయుట మొదలగు అశాస్త్రీయ పద్ధతులు నిషిద్ధము. యంత్రము చూపిన చోట మూడు పర్యాయములు సూది గ్రుచ్చినను రక్తమీయని వారిని సహకరించని రోగులుగా పరిగణించి, కౌన్సెలింగు పూర్తియగు వరకు వారి చికిత్స నిలిపివేయబడును."

"కౌన్సెలింగు ఎవరు చేస్తారు?" అని అడిగారు దమయంతి గారు.

"ఇంకా ఎవర్నీ నియమించలేదమ్మా."

ఆ ఫలకం కిందనే, చక్రాల బల్ల మీద, యంత్రం కొలువు తీరి ఉంది. నిజానికి అది మంచి యంత్రం. చేతిమీద ఎర్రటి వెలుతురు పరిచి, చర్మం కింద నరాలు ఎటు పోతున్నాయో నల్లని గీతల్లాగా చూపిస్తుంది. పేరు చెప్పుకోవడానికి ఇష్టపడని దాత ఎవరో ఇచ్చాడు. విజయదశమినాడు దానికి ప్రారంభోత్సవం చేశారు. జిల్లాలోని పెద్దమనిషి ఒకాయన ముఖ్య అతిథిగా వచ్చి, రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, యంత్రానికి స్వహస్తాలతో గంధమూ కుంకుమా అద్దారు. పంతులుగారు ఆ బొట్టును యంత్రం పక్కభాగాన పెట్టించబోయారు గాని, అక్కడ పెడితే ఫోటోలో పడదని సూపరింటెండెంటు డాక్టర్ పరాంకుశం అభ్యంతరం చెప్పారు. అందువల్ల బొట్టు ముందువైపున, వెలుతురు బయటికి వచ్చే గాజు మీద, నిలువునా పెట్టబడింది. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది. యంత్రం పక్కనే పటం కట్టించి పెట్టారు.

వరుసలో ముందున్నవాడు గురవయ్య. మార్కెట్ యార్డులో మిరపబస్తాలు మోసే మనిషి. అతని చేతుల నిండా నరాలు మోకుల్లాగా ఉబ్బి ఉన్నాయి. గుడ్డివాడికి చూపించినా వేలు పెట్టి ఇదిగో అంటాడు. ఎస్తేరు ఆ చేతిని యంత్రం కింద పెట్టింది. ఎర్రటి వెలుతురులో ఒక నల్లని గీత, ఉబ్బిన నరాలన్నిటినీ వదిలేసి, వాటి నడుమ చదునుగా ఉన్న చోట నిలువుగా పడింది.

"ఏం తల్లీ, ఇదిగో ఇంత లావు నరం ఇక్కడ పెట్టుకుని అక్కడ పొడుస్తావేంటి?" అన్నాడు గురవయ్య.

"అది యంత్రంలో లేదు బాబాయ్."

"నా చేతిలో ఉంది కదమ్మా!"

"నీ చేతిలో ఉంటే చాలదు," అంది ఎస్తేరు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు నేలమీదే ఉన్నాయి.

సూది గీతమీద దిగింది. రక్తం రాలేదు. మూడోసారి కూడా రాకపోయేసరికి నాణ్యతాధికారి చిదంబరం అద్దాల గదిలోంచి బయటికి వచ్చాడు. నున్నగా దువ్విన తల, మెడలో నీలం తాడుకు వేలాడే గుర్తింపు కార్డు, ముఖాన ఎవరినో క్షమిస్తున్నట్టుండే చిరునవ్వు.

"గురవయ్యగారూ, మీ నరం సంస్థాపరంగా గుర్తించబడింది. మీ రక్తం మాత్రం సహకరించడానికి ముందుకు రావడం లేదు. దీన్ని మేము వ్యక్తిగతంగా తీసుకోం. కౌన్సెలింగు తేదీ తెలియజేస్తాం."

"నేను రోజూ బస్తాలు మోస్తానండీ. రక్తం లేకుండా ఎట్లా మోస్తాను?"

"ఆ ప్రశ్నను కౌన్సెలరుగారి దృష్టికి తీసుకెళ్ళండి," అని చిదంబరం వెనుదిరిగాడు.

గురవయ్య పోయి గోడ వారగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడ అప్పటికే సహకరించనివారు చాలామంది ఉన్నారు. కొత్తగా వచ్చినవాడికి కాస్త జరిగి చోటిచ్చారు.

తర్వాతి వంతు దమయంతి గారిది. కుర్చీలో కూర్చుని, స్వెట్టరు చేయి పైకి మడిచి, బంతి నొక్కుతూ చేయి చాపారు. గీత పడింది. గురవయ్య చేతిమీద పడిన చోటనే, అంతే నిలువుగా, అంతే పొడవుగా. ఆవిడకు ఏదో అనుమానం తగిలింది. మొదటి పోటు ఖాళీ. చేయి జరిపితే మోచేతి మడతలోనూ అదే గీత, అక్కడ రెండో పోటు. అదీ ఖాళీ. నొప్పికి పెదవి బిగపట్టారు.

"మందు కలిపేశారా?" అని అడిగారు.

"కలిపేశారమ్మా. సంచి వచ్చేసింది. సాయంత్రంలోగా ఎక్కించకపోతే పారబోయాల్సిందే," అంది ఎస్తేరు. మూడో పోటు పోతే దమయంతి గారు కూడా ఆ బెంచీ మీదికే పోతారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కాసిని నీళ్ళు తాగనీ అమ్మా మా వదిన్ని," అంటూ సీతారత్నం అడ్డం వచ్చి, గ్లాసులో నీళ్ళు పోసి, ఫ్లాస్కును చోటు లేక యంత్రం కింద పెట్టింది. పెట్టి, ఒక్క క్షణం నిలబడిపోయింది.

"వదినా! ఫ్లాస్కుకి నరం ఉందే!"

అందరూ చూశారు. ఉంది. ఆకుపచ్చ ఫ్లాస్కు నడుమన, నిలువుగా, ఆరోగ్యంగా, ఒక నల్లని నరం.

సీతారత్నం ఫ్లాస్కు తీసి దిండు పెట్టింది. దిండుకూ ఉంది. చేతిసంచి పెట్టింది. సంచికీ ఉంది. బెంచీ మీది నుంచి గురవయ్య తన చెప్పు ఒకటి అందించాడు. ఆ చెప్పులో కూడా, వెతుక్కున్నా దొరకనంత చక్కటి నరం కనిపించింది. సహకరించనివాళ్ళు చాలా రోజుల తర్వాత నవ్వారు.

దమయంతి గారు నవ్వలేదు. లేచి యంత్రం ముందుకు వంగి చూశారు. గాజు నిండా గంధం గట్టిపడి, అసలు నరాలేవీ కనబడకుండా కప్పేసింది. దాని నడుమ కుంకుమ చార ఒకటి ఎండిపోయి ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఆసుపత్రిలో అందరి చేతులలోనూ పొడిచింది ఆ చార నీడనే.

"నీకు తెలుసా ఎస్తేరూ?"

"మొదటిరోజే చెప్పానమ్మా. నాకు యంత్రం మీద నమ్మకం లేదని వారం రోజులు యంత్ర విశ్వాస శిక్షణకు పంపారు. అక్కడ రోజూ పొద్దున్నే దీని ముందు నిలబడి ప్రతిజ్ఞ చేయించేవారు," అంది ఎస్తేరు. "ముగ్గురు ఆడపిల్లల్ని చదివించుకుంటున్నానమ్మగారూ. రెండోసారి చెప్పలేదు."

దమయంతి గారు ఫ్లాస్కు చేతికి తీసుకున్నారు. "పద సీతారత్నం."

సూపరింటెండెంటు గదిలో ఆ సమయానికి కమిటీ కూర్చుని ఉంది. కమిటీ అంటే డాక్టర్ పరాంకుశం, చిదంబరం, ఒక పళ్ళెం జీడిపప్పు. ఆనాటి సాయంత్రమే ముఖ్య అతిథిగారు మళ్ళీ వస్తున్నారు. నూరు శాతం నరదర్శనం సాధించిన తొలి ఆసుపత్రిగా ఒక ఫలకం ఆవిష్కరించబోతున్నారు. ఎవరి దండ ముందు, ఎవరి దండ వెనక అన్న చర్చ ముగింపుకు వస్తుండగా దమయంతి గారు ఫ్లాస్కును బల్లమీద పెట్టారు.

"దీనికి నరం ఉందండీ."

డాక్టర్ పరాంకుశం కొంతసేపు ఫ్లాస్కునూ, కొంతసేపు చిదంబరాన్నీ చూశారు. పెద్ద వైద్యుడే. ఒకప్పుడు రోగులను ముట్టుకుని చూసేవారని కూడా చెబుతారు. ఇప్పుడు ఆ పనికి తీరిక లేదు.

"లోపల ఏముంది?" అని అడిగారు.

"వేడినీళ్ళు."

"చూశావా చిదంబరం? ద్రవం ప్రవహించే పాత్రను యంత్రం గుర్తుపట్టింది. ఇది లోపం కాదమ్మా. అతిసూక్ష్మ గ్రహణశక్తి."

"ప్రవహించడం లేదండీ. మూత బిగించి ఉంది."

"మూత తీస్తే ప్రవహిస్తుంది కదా. యంత్రం ముందుచూపుతో ఆలోచించింది."

"దిండుకూ ఉందండీ. చెప్పుకూ ఉంది."

"ఎవరి చెప్పు?" అని చిదంబరం ఆసక్తిగా అడిగాడు.

"సహకరించని మనిషిది."

"అయితే ఆ సాక్ష్యాన్ని పరిగణనలోకి తీసుకోలేం."

డాక్టర్ పరాంకుశం ఒక జీడిపప్పు నోట్లో వేసుకుని, తీర్పు చెప్పే గొంతుతో మొదలుపెట్టారు. "చూడండమ్మా, నరం ఉండటం వేరు, నరంలో రక్తం ఉండటం వేరు. మొదటిది సంస్థ బాధ్యత. దాన్ని మేము నూరు శాతం నెరవేర్చాం. రెండోది రోగి బాధ్యత. అందులో మేము జోక్యం చేసుకోం."

"గాజుమీద ఎండిపోయిన బొట్టు నీడ అది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే చాలు. మీకేం ఖర్చు లేదు, నాకు మందు ఎక్కుతుంది."

"తుడవడమా?" అన్నాడు చిదంబరం, ఆవిడ ఆసుపత్రిని పడగొట్టమన్నట్టు. "ఆ గాజును కంపెనీ ఇంజనీరు తప్ప మరెవరూ ముట్టుకోకూడదు. ఫిర్యాదు ఉంటే తప్ప ఆయన రాడు. పనితీరు నూరు శాతం ఉన్న యంత్రం మీద ఫిర్యాదు చేయడం వీలుకాదు. అదీగాక, ఆ బొట్టు అతిథిగారు స్వయంగా పెట్టింది. ఇవాళే వస్తున్నారు. వచ్చి, నా బొట్టేదని అడిగితే?"

డాక్టర్ పరాంకుశం చేయెత్తి అతణ్ణి ఆపారు. దమయంతి గారి వైపు వంగి, స్వరం బాగా మెత్తబరిచారు. "టీచరుగారూ, మీరు చదువుకున్నవారు. మీ సమస్య నాకు అర్థమైంది. వెనకగదిలో తెర వేయించి, ఎస్తేరు చేత వేళ్ళతోనే చూపించేస్తాను. వేడిగుడ్డ కూడా కట్టించుకోండి, ఎవరూ అడగరు. బయట మాత్రం ఎక్కడా అనకండి."

"మరి బెంచీ మీద ఉన్నవాళ్ళకో?"

"వాళ్ళు అడగలేదు కదా!"

సీతారత్నం వదిన మోచేయి గిల్లింది. "ఒప్పుకో వదినా, నీకు దణ్ణం పెడతాను. మందు పాడైపోతుంది. ముందు నీ ప్రాణం సంగతి చూసుకో, తర్వాత వాళ్ళ గురించి నువ్వే పోట్లాడుదువుగాని."

దమయంతి గారికి ప్రాణం మీద ఆశ లేదని కాదు. చాలా ఉంది. ఆ వెనకగది తలుపు దగ్గరే కనిపిస్తోంది. అటు పది అడుగులు వేస్తే చాలు. కానీ లెక్క ఒక్కరికి ఒకలాగా, మిగతావాళ్ళకు ఇంకోలాగా వచ్చే పద్ధతిని ఆవిడ తరగతిలో ఏనాడూ ఒప్పుకోలేదు. పైగా ఈ డోసు తెరచాటున ఎక్కితే, వచ్చే డోసుకు ఆ తెర ఉంటుందో ఉండదో ఎవరు చూడొచ్చారు?

"నాకు ఇంకా ఒక పోటు మిగిలి ఉందండీ," అన్నారు లేస్తూ. "దాన్ని నేను అందరి ముందే వాడుకుంటాను."

కారిడార్లో సీతారత్నం ఏడ్చినంత పని చేసింది. "నీ మొండితనం అన్నయ్య ఎట్లా భరించాడో! పోయినవాడు పుణ్యాత్ముడు."

"ఆయన వేళ్ళతో తడిమి చూసేరకం లే. పద, వంతు పోతుంది."

ముఖ్య అతిథిగారు అనుకున్నదానికంటే ముందే వచ్చారు. తెల్లటి పంచె, భుజాన జరీ కండువా, ఎవరిని చూసినా చేతులెత్తి నమస్కరించే అలవాటు. మనిషిలో కల్మషం లేదు. రిబ్బను కనిపిస్తే కత్తిరించకుండా ఉండలేకపోవడం ఒక్కటే ఆయన బలహీనత. వార్డులో షామియానా గుడ్డ కట్టారు. వెండి పళ్ళెంలో కత్తెర, రిబ్బను, కుంకుమ భరిణె, కొబ్బరికాయ సిద్ధంగా ఉన్నాయి. సహకరించనివారి బెంచీకి అడ్డంగా పూలకుండీలు పెట్టారు గాని, గురవయ్య తల వాటి పైనుంచి కనిపిస్తూనే ఉంది.

"నా బొట్టు ఇంకా చెరగలేదే!" అని అతిథిగారు యంత్రాన్ని చూసి మురిసిపోయారు. చిదంబరం దమయంతి గారి వైపు విజయగర్వంతో చూశాడు.

"ఎక్కడ చెరగనిచ్చామండీ!" అన్నారు డాక్టర్ పరాంకుశం. "తమ హస్తవాసి. నేటివరకు ఈ యంత్రం నరం చూపించని మనిషి లేడు. ఇదిగో, చూడండి." అంటూ కోటు చేయి మడిచి తన చేతినే వెలుతురు కింద పెట్టారు. తెల్లని, నున్నని ఆ చేతి మీద నల్లని గీత నిటారుగా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక, రోగుల కుర్చీలోంచి ఒక గొంతు వినిపించింది. వెనక బెంచీ దాకా వినబడేలా మాట్లాడటం అలవాటైన గొంతు.

"చూపించడం అయింది. తీయించండి కూడా."

"ఏమిటమ్మా తీయించేది?" అని అతిథిగారు అమాయకంగా అడిగారు.

"రక్తమండీ. నరం చూసేది అందుకే కదా."

"అవును సుమండీ!" అన్నారు అతిథిగారు ఉత్సాహంగా. "నేనెప్పుడూ ఇది పనిచేస్తుండగా చూడలేదు. తీయండి, తీయండి. ఫోటో కూడా వస్తుంది."

డాక్టర్ పరాంకుశం నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎస్తేరు సూది తీసుకుని దగ్గరికొచ్చి, చాలా చిన్న గొంతుతో, "సార్, ఒక్కసారి వేళ్ళతో చూడనా?" అని అడిగింది. ఎదురుగా గోడమీద ఆయన సంతకంతో ఉన్న ఫలకం. పక్కన అతిథి. చుట్టూ కెమెరాలు.

"నిబంధన ప్రకారమే కానివ్వు," అన్నారాయన.

ఎస్తేరు నిబంధన ప్రకారమే కానిచ్చింది. సూది గీతమీద దిగింది. డాక్టరుగారు "స్స్" అన్నారు. రక్తం రాలేదు. రెండోసారి గుచ్చింది. ఈసారి "అమ్మా" అన్నారు. రక్తం రాలేదు.

"మీకు రక్తం లేదా డాక్టరుగారూ?" అని అతిథిగారు నిజమైన ఆందోళనతో అడిగారు.

"సహకరించాలి సార్!" అని పూలకుండీల వెనక నుంచి గురవయ్య ధైర్యం చెప్పాడు. "బిగబట్టకూడదు. మాక్కూడా ఇట్లాగే చెప్పారు."

చిదంబరం పై అధికారి చెవి దగ్గరికి వంగాడు. "సార్, మూడోది కూడా ఇలాగే అయితే... ఫలకం ప్రకారం తమరు కూడా... ఆ బెంచీ..."

డాక్టర్ పరాంకుశం బెంచీని చూశారు. ఆ బెంచీ మీదివాళ్ళు మర్యాదగా జరిగి చోటు చేస్తున్నారు. ఆయన నుదుటి మీద చెమట మెరిసింది. ఎస్తేరు వైపు చూడకుండా, "వేళ్ళతో చూడమ్మా," అన్నారు.

"అందరికీనా, తమకొక్కరికేనా?" అని దమయంతి గారు వెంటనే అడిగారు.

ఆయన రుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. మందు సంచి స్టాండుకు వేలాడుతోంది. కిటికీలో ఎండ వాలుతోంది. సీతారత్నం రెండు చేతులూ జోడించి ఏ దేవుణ్ణో తలుచుకుంటోంది.

"అందరికీనా?" అని అతిథిగారు కూడా అడిగారు. ఆయనకు సంగతి అర్థం కాలేదు గాని, ప్రశ్న బాగుందనిపించింది.

"అందరికీ," అన్నారు డాక్టర్ పరాంకుశం.

"అలా కుదరదు సార్!" చిదంబరం బతిమాలాడు. "వేళ్ళను వైద్య పరికరాలుగా వాడాలంటే ముందు వాటికి ప్రారంభోత్సవం జరగాలి. ప్రారంభోత్సవం కాని పరికరాన్ని ఈ సంస్థలో వాడరాదని తమరే ఆదేశించారు."

ఇంతకాలానికి ఆ ఆసుపత్రిలో ఒక నిబంధన ఒక మనిషికి మేలు చేసింది. ముఖ్య అతిథిగారి చేయి అప్పటికే కత్తెర మీదికి వెళ్ళిపోయింది.

"దానికేం భాగ్యం! రండమ్మా, ఇలా రండి."

ఎస్తేరు చేతిని ముందుకు చాపించి, చూపుడువేలికీ నడిమివేలికీ కలిపి గులాబీరంగు రిబ్బను కట్టారు. అతిథిగారు కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. కుంకుమ తీసి రెండు వేళ్ళ కొసలకూ పెట్టారు. ఆమె పాతికేళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఆమె చేతిని ఫోటో తీయలేదు. ఇప్పుడు నాలుగు కెమెరాలు ఒక్కసారే తీశాయి. "రోగుల సేవలో సరికొత్త అధ్యాయం," అని చిదంబరం మైకులో ప్రకటించాడు. అతని గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

ఎస్తేరు నేరుగా కుళాయి వైపు నడిచింది.

"సిస్టర్! ఎక్కడికి? ఆ బొట్టు చెరిగిపోతుంది!"

"చేతులు కడుక్కోకుండా సూది ముట్టుకోకూడదు సార్. ఆ నిబంధన దీనికన్నా పాతది."

"కడగనివ్వండి," అన్నారు దమయంతి గారు. "ఆ యంత్రాన్ని కూడా మొదటిరోజే ఇలా కడిగి ఉంటే, పాపం డాక్టరుగారికి రక్తం లేకుండా పోయేది కాదు."

ఫ్లాస్కు మూత తీశారు. వేడి ఇంకా ఉంది. సీతారత్నం తుండుగుడ్డ తడిపి, పిండి, వదిన చేతికి చుట్టింది. చేయి మంచం పక్కన వేలాడింది. బంతి నొక్కుకుంది. ఎస్తేరు కళ్ళు మూసుకుని, ఆ చల్లని రెండు వేళ్ళతో మోచేతి నుంచి కిందికి తడుముకుంటూ వచ్చింది. ముంజేతి పక్కన ఆగింది. సన్న సూది గుచ్చింది. చుక్క కనిపించినట్టే కనిపించి ఆగిపోయింది.

"జారిపోయిందమ్మా. క్షమించండి."

"జారనీ," అన్నారు దమయంతి గారు. "ఉన్నది గనకనే జారింది. మళ్ళీ చూడు."

మళ్ళీ చూసింది. బొటనవేలి మొదట్లో, ఎవరూ పట్టించుకోని మూల ఒక నరం మెత్తగా స్ప్రింగులా తగిలింది. సూది వెనక గొట్టంలోకి ఎర్రగా రక్తం ఎగబాకింది. ఎస్తేరు పట్టీ అంటించి డ్రిప్పు తిప్పింది. మొదటి చుక్క పడింది. తర్వాతది పడింది. సీతారత్నం అప్పుడు కూలబడి, మనసారా ఏడ్చింది.

గురవయ్య అప్పటికే చేయి చాపుకుని వరుసలో నిలబడ్డాడు. అతని వెనక బెంచీ అంతా లేచి వచ్చింది.

"ఒక్కరొక్కరుగా రావాలి!" చిదంబరం చేతులు అడ్డం పెట్టాడు. "ప్రారంభోత్సవం జరిగింది సిస్టర్ ఎస్తేరు గారి రెండు వేళ్ళకు మాత్రమే. మిగతా సిస్టర్ల వేళ్ళ విషయంలో మంచి ముహూర్తం చూసి..."

దమయంతి గారు సూది ఉన్న చేతిని కదపకుండా, రెండో చేత్తో బల్ల మీది కుంకుమ భరిణె అందుకున్నారు. వార్డు చివర గుంపుగా నిలబడి చూస్తున్న సిస్టర్ల వైపు దాన్ని చాపారు.

"రండమ్మా. వేళ్ళు ముంచండి."

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక చిన్న సిస్టరు వచ్చి రెండు వేళ్ళు ముంచింది. ఆమె వెనక ఇంకొకామె వచ్చింది. అతిథిగారు సంబరపడిపోయి చప్పట్లు కొట్టారు. డాక్టర్ పరాంకుశం తన చేతిమీది రెండు పోట్లనూ ఊదుకుంటూ, కిటికీలోంచి బయట ఏదో ముఖ్యమైన దృశ్యం ఉన్నట్టు చూస్తున్నారు. యంత్రం వెలుగుతూనే ఉంది. ఎదురు గోడకు నల్లగా నిటారుగా ఉన్న నరాన్ని నిష్ఠగా చూపిస్తోంది.

సిస్టర్లు ఒకరి వెనక ఒకరు కుళాయి దగ్గరికి నడిచారు. సబ్బు నురగలో కుంకుమ కరిగింది. ఆ వార్డులో ఎన్నాళ్ళకో ఎరుపు ధారగా పారింది.